బయటి గడియ

"నేనే పెట్టాను" అన్నాడు మాస్టర్.



ఇస్త్రీపెట్టె బల్ల మీద బోర్లా ఉంది. దాని కింద లాయరుగారి నల్లకోటు. కొడుకు పెట్టె ఎత్తాడు. కోటు వీపులో పెట్టె ఆకారంలోనే బొక్క పడింది. కాలిన ఉన్ని వాసన కుట్టు షాపంతా నిండి వెనక ఇంట్లోకి కూడా పోయింది.

స్విచ్చి ఆపింది కోడలు. స్నానం మధ్యలో వాసన తగిలి, తడిజుట్టుకి తువ్వాలు చుట్టుకుని పరుగెత్తుకొచ్చింది. బల్ల కింద నుంచి పాపను లాగిందీ ఆమే. పాకడం కొత్తగా నేర్చిన పిల్ల. పెట్టె తీగ పట్టుకుని నోట్లో పెట్టుకోబోతోంది. ఇంకాస్త లాగి ఉంటే పెట్టె నెత్తిన పడేది.

"పెట్టె కోటు మీద వదిలేసి బయటికెళ్ళావా నాన్నా?" అన్నాడు కొడుకు.

"ఆఁ. దారం అయిపోయింది."

మాస్టర్ చేతిలో దారం రీళ్ళ పొట్లం ఉంది. చెప్పులు ఇంకా విప్పలేదు. దారాల కొట్టు వీధికి ఆ చివర. పోయి, బేరమాడి, తిరిగొచ్చేంతసేపు పెట్టె అలాగే ఉంటే కోటే కాదు, బల్ల కూడా మిగిలేది కాదు. అలాంటి అనుమానం గదిలో ఎవరికీ రాలేదు. పోయిన వారం ఇదే కోటుకి రెండు ఎడమచేతులు కోసింది నేనే అన్నప్పుడూ రాలేదు. స్టవ్వు వెలిగించి మరిచింది నేనే అన్నప్పుడూ రాలేదు.

మాస్టర్ భార్య బల్ల పక్కనే నిలబడి ఉంది. ఎవరి షాపులోనో ఎవరి కోటో చూస్తున్నట్టు చూస్తోంది.

"అయ్యో, మంచి గుడ్డండీ" అంది.

ఆమె చేతిలో తడిగుడ్డ ఉంది. ఇస్త్రీకి ముందు కోటు మీద పరిచే గుడ్డ. మాస్టర్ వెళ్ళి దాన్ని ఆమె చేతిలోంచి తీసి తన భుజాన వేసుకున్నాడు. ఎవరూ చూడలేదు.

కోటు కోసం లాయరుగారు అప్పుడే గుమ్మంలోకి వచ్చాడు. బొక్కలోంచి బల్ల కనపడేలా కోటు ఎత్తి పట్టుకున్నాడు.

"ఏం మాస్టరూ, పోయినసారి రెండు ఎడమచేతులు కోశారు. ఈసారి వీపుకి కిటికీ పెట్టారా? కోర్టులో ఉక్కగా ఉంటుందనా?"

నవ్వుతూనే అన్నాడు. మాస్టర్ నవ్వలేదు. లాయరుగారు కొడుకుని పక్కకు పిలిచాడు.

"మీ నాన్నను ఎవరికైనా చూపించవయ్యా. నాది కోటు. పోతే ఇంకోటి వస్తుంది."

పాప వంక చూసి మిగతా మాట మింగేశాడు.

ఆయన వెళ్ళాక కోడలు ఆగలేదు.

"సోమవారం నుంచి నేను ఆఫీసుకి వెళ్ళాలి. ఇక ఒక్క పూట కూడా సెలవు ఇవ్వరు. దీన్ని ఈ ఇంట్లో ఎవరిని నమ్మి వదలను?"

"అమ్మ ఉందిగా."

"అత్తయ్యను నమ్ముతాను. మామయ్యనే..."

ఆగిపోయింది. మామయ్య ఎదురుగానే ఉన్నాడు. వంగి చెప్పులు విప్పుకుంటున్నాడు.

*

పెద్దవాళ్ళ జబ్బులు చూసే డాక్టరమ్మ కొడుకుని బయట కూర్చోమంది.

"నేనుండాలి డాక్టర్. ఆయన మాట్లాడరు."

"మాట్లాడకపోతే మిమ్మల్నే పిలుస్తాను."

తలుపు పడింది. గదిలో బల్ల, రెండు కుర్చీలు, బరువు తూచే మిషను. కిటికీ అవతల ఎవరో ముసలాయన చేతికర్రతో నడక నేర్చుకుంటున్నాడు.

"ఇది ఏ నెల?"

"తెలీదు."

"ఇందాక మూడు వస్తువుల పేర్లు చెప్పాను. ఒక్కటైనా గుర్తుందా?"

"లేదు."

"గడియారం బొమ్మ వేయండి."

మాస్టర్ ఎడమచేత్తో పెన్సిల్ అందుకున్నాడు. ఆయనది ఎడమచేతి వాటం. కత్తెర కూడా కమ్మరికి చెప్పి తన చేతికి చేయించుకున్నదే. ఇంట్లో ఇంకొకరి చేతిలో అది గుడ్డను నమలడమే కాని కోయదు. ఆ చేత్తోనే గుండ్రంగా ఒక గీత గీశాడు. అంకెలన్నీ ఒక పక్కకే కుక్కాడు. ముళ్ళు వేయలేదు.

డాక్టరమ్మ కాగితం చూసింది. ఆయన్ను చూసింది.

"చేతులు వణకవు. గీత చక్కగా కలిసింది."

మాస్టర్ నేల చూశాడు.

"మతి తప్పుతున్నవాళ్ళు రోజూ నా ముందు కూర్చుంటారు మాస్టరుగారూ. వాళ్ళు తెలీదని ఇంత తొందరగా అనరు. ఏదో ఒకటి చెప్తారు. నవ్వేస్తారు. కోప్పడతారు. ఈ పిచ్చి ప్రశ్నలేంటని నన్నే అడుగుతారు. మీరేమో పరీక్ష తప్పుదామనే వచ్చినట్టున్నారు."

డాక్టరమ్మ కాగితం పక్కన పెట్టింది.

"ఇంట్లో ఎవరికి?"

మాస్టర్ పెన్సిల్ బల్ల మీద పెట్టాడు. అది దొర్లింది. పట్టుకోలేదు.

"మీ ఆవిడకా?"

ఆయన తల ఊపలేదు. అడ్డంగా కూడా ఊపలేదు. డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి జరుపుకుంది.

"ఏమవుతోంది ఆమెకి?"

మాస్టర్ నోరు విప్పాడు.

"బొత్తాం కాజా కుడుతూ ఆగిపోతుంది. సూది ఎందుకు పట్టుకుందో సూదినే అడుగుతున్నట్టు చూస్తుంది. సాయంత్రమైతే అబ్బాయి బడి నుంచి రాలేదంటుంది. వాడు ఎదురుగానే మిషన్ మీద ఉంటాడు. కోటు చేతులు తను కోసింది. పెట్టె తను పెట్టింది. ఏదీ గుర్తుండదు."

"మీరేం చేశారు?"

"నా మీద వేసుకున్నాను."

"మరిచిపోకుండా చేసే పని ఏదైనా ఉందా?"

"గుడ్డ తడుపుతుంది. నూలుగుడ్డ కోసేముందు నీళ్ళలో నానాలి. లేకపోతే కుట్టాక కుంచించుకుపోతుంది. పెరట్లో తొట్టి ఉంది. పొద్దున్నే నింపుతుంది. గుడ్డ వేసి, అడుగుదాకా నొక్కి, చేతులు మడతల్లోకి పోనిచ్చి తడుపుతుంది. ఆ పని ఎవరూ చెప్పక్కర్లేదు."

"ఆ పని తీసేయకండి. ఎవరైనా పక్కన ఉండి చేయనివ్వండి. పని లాక్కుంటే మనిషి ఇంకా తొందరగా పోతుంది. ఆమె తప్పు చెప్తే దిద్దకండి, వాదించకండి. ఆమె ఉన్న చోటికే మీరు వెళ్ళి, మెల్లగా మాట మళ్ళించండి. వస్తువులు ఎక్కడివి అక్కడే ఉంచండి. కాలేవి, కోసేవి మాత్రం చేతికందకుండా పెట్టండి."

మాస్టర్ వింటున్నాడు. గుడ్డ కొలత వింటున్నట్టే వింటున్నాడు.

"కత్తెర ఎక్కడ పెట్టామో మరిచిపోతే అది వయసు. కత్తెర ఎందుకో మరిచిపోతే చూపించుకోవాలి. ఇన్నాళ్ళూ ఎందుకు దాచారు?"

"వాళ్ళమ్మకీ ఇలాగే అయింది. గదిలో పెట్టి బయట గడియ పెట్టారు. పోయేదాకా తీయలేదు. తను అప్పుడు చిన్నపిల్ల. గడియ అందేంత ఎత్తు కూడా లేదు. ఈ మతిమరుపు మొదలైన కొత్తలో, నాకు బయట గడియ పెట్టనివ్వకండి అని నా చేత ఒట్టు వేయించుకుంది. అప్పటికే తనకి తెలిసినట్టుంది."

డాక్టరమ్మ కాగితం మీద ఏదో రాసుకుంది.

"ఒంట్లో థైరాయిడ్ తగ్గినా ఇలాగే ఉంటుంది. విటమిన్ తగ్గినా, చెవి సరిగ్గా వినపడకపోయినా, దిగులు పట్టుకున్నా ఇలాగే ఉంటుంది. అవైతే మందులున్నాయి, మనిషి తిరిగొస్తుంది. మతి పోయే జబ్బే అయితే మాన్పలేను. కాని నెమ్మది చేయగలను. మీరు తప్పులు మీద వేసుకున్న రోజులన్నీ ఆమెకి మందు అందని రోజులే."

డాక్టరమ్మ ఆయన చేతికి రక్తపోటు పట్టీ చుట్టింది.

"మీకు నిద్ర ఉందా?"

"తను లేస్తే లేస్తాను."

"మీ రక్తపోటు బాగా లేదు. ఉప్పు తగ్గించండి. రోజూ నడవండి, ఇద్దరూ కలిసి. చెవులు చూపించుకోండి. నలుగురి మధ్య కూర్చోండి. మాటల్లేక మనిషి మొద్దుబారిపోతాడు."

"నాకు మాటలు రావు."

"ఇవాళ వచ్చాయిగా."

మాస్టర్ పెదవి ఒక పక్క కదిలింది. నవ్వో కాదో.

"ఆమె నా పేషెంటు కాదు. మీ మాట మీరు చెప్పకుండా నేను బయటికి చెప్పలేను. కాని ఇంట్లో పాకే పిల్ల ఉందని మీ అబ్బాయి అన్నారు. ఇవాళే మీ అబ్బాయికి చెప్పండి. బుధవారం ఆమెను తీసుకురండి. ఆలోగా పాపను ఆమె చేతికి ఒంటరిగా ఇవ్వకండి. చెప్తారా?"

"చెప్తాను."

అప్పుడు కొడుకుని లోపలికి పిలిచింది. వయసు మీద పడ్డవాళ్ళకి పని ఉండాలంది. మనుషుల మధ్య ఉండాలంది. మతి తప్పినవాళ్ళతో వాదించొద్దు, మెల్లగా మాట మళ్ళించమంది. "మీ నాన్నగారు మీతో ఒక మాట చెప్పాలి. కూర్చోబెట్టి వినండి. బుధవారం మీ అమ్మగారిని కూడా తీసుకురండి. పాపను ఎవరి మీద వదులుతున్నారో బాగా చూసుకోండి" అంది.

"అర్థమైంది డాక్టర్" అన్నాడు కొడుకు.

అర్థమైందనే అనుకున్నాడు.

బస్సులో ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. మాస్టర్ గొంతు సవరించుకున్నాడు.

"అదీ..."

"ఏమీ చెప్పక్కర్లేదు నాన్నా" అన్నాడు కొడుకు. తండ్రి చేయి తన ఒళ్ళోకి తీసుకున్నాడు. చిన్నప్పుడు కూడా అలా పట్టుకోలేదు. "నువ్వేం దిగులు పడకు. నేనున్నాను. ఎవరేమన్నా నిన్ను నేను చూసుకుంటాను."

అతని కళ్ళలో నీళ్ళున్నాయి. మాస్టర్ కిటికీ వైపు తిరిగాడు.

*

"పగలంతా ఎక్కడికో పంపించేస్తామా ఆయన్ని?" అన్నాడు కొడుకు.

"పంపించేయడమేంటి? వృద్ధుల కేంద్రం. పొద్దున వ్యాన్ వస్తుంది, సాయంత్రం దింపుతుంది. మనుషుల మధ్య ఉండాలని డాక్టరే అన్నదన్నావుగా."

"పని కూడా ఉండాలంది."

"అక్కడ పనులు చేయిస్తారట. మొక్కలు పెంచుతారట."

"మా నాన్న కత్తెర పట్టిన మనిషి. మొక్కలు పెంచుతాడా?"

"ఆ కత్తెర కిందే నీ కూతురు పాకుతోంది. అది చెప్పు ముందు."

షాపు షట్టరు సగం దించి ఉంది. వీధి వెలుగు నేల మీద చారగా పడింది. ఆ చారలో పాప కూర్చుని టేపు లాగుతోంది. ఈ మాటలన్నీ మాస్టర్ ముందే నడుస్తున్నాయి. ఆయన కుర్చీలో ఉన్నాడు. ఆయన లేనట్టే నడుస్తున్నాయి.

భార్య కాఫీ గ్లాసులు తెచ్చి అందరికీ ఇచ్చింది. ఎవరికీ తప్పు ఇవ్వలేదు. చక్కెర లేనిది కొడుక్కి, పలచనిది కోడలికి.

"ఎందుకే అంత రాద్ధాంతం? నేను చూసుకోనా?" అంది. "నీ మొగుణ్ణి పెంచింది ఎవరనుకున్నావు? ఒక కాలితో మిషన్ తొక్కుతూ ఇంకో కాలితో ఉయ్యాల ఊపాను. ఉయ్యాల చినిగితే పీలికల బుట్టలో పడుకోబెట్టాను. ఇంత గాడిదయ్యాడు, బొత్తాం మాత్రం ఇప్పటికీ సరిగ్గా పెట్టుకోడు."

కొడుకు చొక్కా చూసుకున్నాడు. నిజంగానే ఒక కాజా తప్పింది. కోడలు నవ్వింది. చాలా రోజులకి ఆ ఇంట్లో నవ్వు వినపడింది.

"మీరుండబట్టే అత్తయ్యా, నాకు ధైర్యం."

"వద్దు" అన్నాడు మాస్టర్.

అందరూ తిరిగి చూశారు.

"ఏది వద్దు మామయ్యా?"

"పాపను..."

భార్య ఆయన్నే చూస్తోంది. గ్లాసు పట్టుకున్న వేళ్ళు తెల్లబడ్డాయి. ఆమెకు ఏం తెలుసో, ఏం తెలియదో ఆ ముఖంలో ఆయనకు కూడా అంతు పట్టలేదు.

"పాపను ఏంటి నాన్నా?"

"ఏమీ లేదు. కాఫీ చల్లారింది."

కోడలు కొడుకు వంక చూసింది. చూశావా అన్నట్టు.

చీకటి పడుతుండగా పెరట్లో ఇద్దరే మిగిలారు. తొట్టి గట్టు మీద కూర్చున్నారు. ఆమె ఆరిన గుడ్డ మడత పెడుతోంది. అంచుకి అంచు కలిపి, బొటనవేలితో మడత నొక్కి. చూస్తే ఏ లోటూ లేదు.

"ఏమండీ, పొట్టోడు ఇంకా బడి నుంచి రాలేదు."

మాస్టర్ డాక్టరమ్మ మాట గుర్తు తెచ్చుకున్నాడు.

"వస్తాడులే. ఆడుకుంటున్నాడేమో."

"లెక్కలు రావు వాడికి. మీరు కొట్టకండి."

"కొట్టను."

"మీరెప్పుడు కొట్టారులెండి" అని నవ్వింది. నవ్వు ముఖం మీదే ఆగిపోయింది. కళ్ళు మారాయి. మనిషి తిరిగొచ్చింది.

"వాళ్ళకి చెప్పలేదుగా?"

"లేదు."

"చెప్పకండి."

"డాక్టరమ్మ మంచిది. మందులున్నాయంది. ఇప్పుడు గడియలు పెట్టరంది."

"మా నాన్న కూడా మంచివాడే" అంది ఆమె. "అమ్మ లోపల తలుపు కొడుతుండేది. నేను బయట మెట్టు మీద కూర్చుని అన్నం తినేదాన్ని. కొన్నాళ్ళకి ఆ చప్పుడు అలవాటైపోయింది. చప్పుడు లేకపోతే ముద్ద దిగేది కాదు."

ఆమె మడత పెట్టిన గుడ్డనే విప్పి మళ్ళీ మడత పెట్టసాగింది.

*

సోమవారం పొద్దున వ్యాన్ హారన్ కొట్టింది.

మాస్టర్ ఉతికిన చొక్కా వేసుకుని సంచితో గుమ్మంలో ఉన్నాడు. శనివారం చెప్తాననుకున్నాడు. ఆదివారం చెప్తాననుకున్నాడు. కొడుకు ఎదురుపడ్డప్పుడల్లా భుజం నిమిరి పోయాడు. ఆ చేయి పడగానే నోరు మూతపడింది.

కోడలు ఆఫీసు బ్యాగు తగిలించుకుంది. పాపను ఒకసారి ముద్దు పెట్టుకుని వెళ్దామని చూసింది.

"అత్తయ్యా, పాప ఏది?"

అత్తయ్య పెరటి తలుపులోంచి వస్తోంది. మోచేతుల దాకా తడి. వేళ్ళ చివర నుంచి నీళ్ళు కారుతున్నాయి.

"గుడ్డ తడిపానే" అంది.

"పాప ఏది అత్తయ్యా?"

ఆమె తన చేతులు చూసుకుంది. రెండు వైపులా తిప్పి చూసుకుంది.

బ్యాగు కింద పడింది. కోడలు పెరట్లోకి పరుగెత్తింది. వెనకాలే కొడుకు. తొట్టి అంచుదాకా నీళ్ళు. నీళ్ళలో తెల్లగుడ్డ మడతలు మడతలుగా ఉబ్బి ఉంది. కోడలు గుడ్డను రెండు చేతులతో లాగింది. గుడ్డ వస్తూనే ఉంది. అడుగు కనపడేదాకా లాగింది.

గుడ్డ తప్ప ఏమీ లేదు.

"ఇక్కడుంది" అన్నాడు షాపులోంచి మాస్టర్.

కోత బల్ల కింద పీలికల బుట్టలో పాప నిద్రపోతోంది. గుప్పిట్లో కోటు లోపల వేసే ఎర్ర అస్తరు ముక్క.

"ఊరికే ఉరుకుతారేంటి?" అంది అత్తయ్య వెనక నుంచి. "పొట్టోడు నిద్రకి ఏడిస్తే బుట్టలో వేశాను. ఇంతకంటే మెత్తటి పరుపు రాజుగారింట్లో కూడా ఉండదు."

కోడలు నేల మీద కూలబడింది. గుండె మీద చేయి పెట్టుకుని నవ్వింది. ఏడ్చింది కూడా.

"మీకు పిల్లలందరూ పొట్టోళ్ళే అత్తయ్యా. నా ప్రాణం పోయింది."

కొడుకు కూడా నవ్వాడు. చేతులు దులుపుకున్నాడు.

మాస్టర్ నవ్వలేదు. సంచి కింద పెట్టాడు.

"పెట్టె నేను పెట్టలేదు" అన్నాడు.

నవ్వులు ఆగాయి.

"ఆమె పెట్టింది. కోటు చేతులు కోసిందీ ఆమే. స్టవ్వూ ఆమే. ఆమెకు గుర్తుండటం లేదు. నేను మీద వేసుకున్నాను. పాపను ఆమెతో ఒంటరిగా వదలొద్దు. డాక్టరమ్మ చెప్పింది."

అంత పొడుగు మాట ఆ ఇంట్లో ఆయన నోట ఎవరూ వినలేదు. కోడలు నోరు తెరుచుకుని చూసింది. అత్తయ్య ముఖం చూసింది. ఆ ముఖంలో కోపం లేదు. భయం లేదు.

"పాపం" అంది అత్తయ్య మెల్లగా. "ఎంత మనిషి, ఎలా అయిపోయాడు చూడు. కోప్పడకురా అబ్బాయ్. పెళ్ళాం మీద కాకపోతే ఇంకెవరి మీద తోస్తాడు?"

కోడలు కళ్ళు తుడుచుకుంది. కొడుకు ముందుకొచ్చి తండ్రి భుజం చుట్టూ చేయి వేశాడు.

"సరే నాన్నా. అలాగే. అమ్మే పెట్టింది. ముందు వ్యాన్ ఎక్కు. అక్కడ మొక్కలున్నాయట, చూసొద్దువుగాని."

వాదించలేదు. మాట మళ్ళించాడు. డాక్టరమ్మ చెప్పినట్టే చేశాడు.

"నాతో కాదురా అలా మాట్లాడమంది!" మాస్టర్ గొంతు పెరిగింది. "డాక్టరమ్మకు ఫోన్ చేసి అడుగు."

"చేస్తాను నాన్నా."

"ఇప్పుడే చెయ్."

"బుధవారం వెళ్తున్నాంగా. కలిసే అడుగుదాం."

"పోనీ చేతులు చూడు. లాయరు కోటు చేతులు. బల్ల కింద సొరుగులో పడేశావు. కోసింది నా కత్తెర కాదు. నీకు తెలుసు. నీకు నేర్పాను."

"చూస్తాను. ముందు నువ్వెక్కు."

వ్యాన్ డ్రైవరు దిగి వచ్చాడు. ఇలాంటివి రోజూ చూసేవాడే. "రండి తాతగారూ, లోపల మీ జట్టంతా ఉంది. పేకాటకి ఒక చేయి తక్కువైంది" అంటూ మోచేయి పట్టుకున్నాడు. గట్టిగా పట్టుకోలేదు. వదలనూ లేదు.

భార్య దగ్గరికొచ్చింది. తడి చేతులతోనే ఆయన కాలర్ సరిచేసింది. చివరి బొత్తాం పెట్టింది. అలా వంగినప్పుడు ఆయన చెవికి మాత్రమే వినపడేలా అంది.

"చెప్పొద్దన్నానుగా."

మాస్టర్ ఆమె కళ్ళలోకి చూశాడు. అవి తేటగా ఉన్నాయి. మనిషి పూర్తిగా అక్కడే ఉంది.

ఆయన వ్యాన్ ఎక్కాడు. డ్రైవరు తలుపు లాగి గడియ వేశాడు. మధ్యలో ఎవరూ దిగిపోకుండా గడియ బయట పెట్టించారు. లోపలి నుంచి ఒకసారి తలుపు మీద అరచేతి దెబ్బ వినపడింది. ఇంకోసారి వినపడింది. బండి మలుపు తిరిగింది.

గుమ్మంలో భార్య ఆ చప్పుడు విని తల పక్కకు వంచింది. ఎక్కడో విన్న చప్పుడులా వింది.

"ఎవరే అది, తలుపు కొడుతున్నారు?" అంది.

"వ్యాన్ అత్తయ్యా" అంది కోడలు. పాపను బుట్టలోంచి తీసి అత్తయ్య చంకనిచ్చింది. నుదుటి మీద ముద్దు పెట్టింది. బస్సుకి ఆలస్యమైందంటూ పరుగెత్తింది.

కొడుకు మిషన్ ముందు కూర్చున్నాడు. తొక్కబుద్ధి కాలేదు. తర్వాత లేచి సొరుగు లాగాడు. పోయిన వారం సిగ్గుతో చుట్టచుట్టి పడేసిన రెండు నల్లచేతులు బయటికి తీశాడు. తండ్రి ఎంత పాడైపోయాడో చూడటం ఇష్టం లేక అప్పుడు సరిగ్గా చూడనే లేదు.

వెలుగులోకి పట్టాడు. అంచు మీద వేలు పోనిచ్చాడు.

కత్తెర ఒక్కో కాటు వేసి ఆగి మళ్ళీ మొదలయ్యే చోట చిన్న గాటు పడుతుంది. ఎడమచేతి వాటం మనిషి కోస్తే ఆ గాట్లు ఒక వైపు వాలతాయి. తండ్రి కోసిన ప్రతి గుడ్డలోనూ అవి అలాగే వాలడం చూస్తూ ఆ బల్ల కిందే పెరిగాడు.

ఈ గాట్లు రెండో వైపుకి వాలి ఉన్నాయి.

కోటు రెండో చేయి తీసి చూశాడు. అందులోనూ అంతే.

వేలు అంచు మీదే ఆగిపోయింది. పెరట్లో కుళాయి పారుతోంది. గుడ్డ లాగినప్పుడు నీళ్ళన్నీ ఒలికిపోయాయి కదా, అమ్మ తొట్టి మళ్ళీ నింపుతున్నట్టుంది. నీళ్ళ చప్పుడు మధ్యలో పాప ఊకొడుతోంది. ఆమె ఏదో పాడుతోంది. తనను చిన్నప్పుడు ఉయ్యాలలో వేసి పాడిన పాట.

"అమ్మా" అన్నాడు కొడుకు.

కుళాయి కట్టేసిన చప్పుడు వినిపించింది. తర్వాత నీళ్ళలో ఏదో అడుగుదాకా నొక్కుతున్న చప్పుడు.

పాట ఆగలేదు. ఊకొట్టడమే ఆగింది.